పరామర్శకు వెళ్తూ ఆటో ఆపుకున్నాను

ఈ ప్రయాణం నేను కోరుకున్నది కాదు. పొలం గట్టు తగాదాతో నాలుగేళ్ళుగా మాటల్లేని మా బాబాయి పోయాడు. పరామర్శకు వెళ్ళకపోతే చుట్టాల్లో తలెత్తుకోలేమని మా ఆవిడ రెండు రోజులు పోరింది. నేను కాలేజీలో కన్ఫ్యూషియన్ నీతి చెబుతాను. పెద్దల పట్ల విధి నెరవేరిస్తే చాలదు, అందులో మనసుండాలి, లేకపోతే అది ఉత్త తంతు అని. మనసు లేనప్పుడు వెళ్ళడమెందుకని వాదించాను.

"ఆ పాఠం పిల్లలకు చెప్పుకోండి. ముందు బయల్దేరండి" అంది.

బెంజ్ సర్కిల్ దగ్గర పొద్దున ఎనిమిదింటికి నిలబడితే తొమ్మిదింపావుకి గానీ బస్సులో కాలు పెట్టలేకపోయాను. కంకిపాడుకి ముప్పై రూపాయలిచ్చి నిలబడే వెళ్ళాను. అక్కడి నుంచి కాలువ గట్టు వెంట ఆరు కిలోమీటర్లు, ఆటో తప్ప దిక్కులేదు. రానూపోనూ మూడు వందలకు ఒప్పించి, పావుగంటలో వచ్చేస్తాను, ఆలస్యమైతే హారన్ కొట్టమని నేనే చెప్పాను. గోతుల్లో నడుం విరిగింది. డ్రైవర్‌కేమో పోయినాయన ఎవరు, ఏం జబ్బు, పిల్లలెంతమంది అని ఒకటే ఆరా. ఒళ్ళు మండిపోయింది.

పిన్ని వసారాలో గోడకానుకుని కూర్చుంది. మొహం తిప్పుకుంటుందనుకున్నాను. చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. బాబాయి చివరి వారంలో నన్ను తలుచుకున్నాడని మొదలుపెట్టిందో లేదో, బయట హారన్. ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ హారన్. కంగారుగా లేచి "వెళ్ళొస్తాను పిన్నీ" అనేశాను. పరామర్శకు వచ్చినవాళ్ళు చెప్పకుండా లేచిపోవాలి. మళ్ళీ వస్తాననడమంటే అలాంటి కష్టం ఆ ఇంటికి మళ్ళీ రావాలని కోరినట్టే. వసారాలో ఉన్న ఆడవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు.

పిన్ని మాత్రం "రా నాయనా. ఈసారి బండి పంపించేసి రా" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. డ్రైవర్‌కి డబ్బిచ్చి పంపేసి, చెప్పులు విప్పి మళ్ళీ లోపలికొచ్చాను. అప్పుడు చెప్పింది.

"వాడొస్తే గట్టు సంగతి ఎత్తొద్దన్నార్రా మీ బాబాయి. కూర్చోబెట్టి మాట్లాడమన్నారు."

అంతే, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. సాయంత్రం దాకా పిన్ని దగ్గరే ఉండిపోయాను.

మనసు కలిగాకే వెళ్దామనుకుని ఉంటే నేను ఎప్పటికీ వెళ్ళేవాణ్ణి కాదు. తంతును శ్రద్ధగా చేస్తూ పోతే మనసు అందులోంచే తయారవుతుందని కూడా ఆ కన్ఫ్యూషియన్ పెద్దలే అన్నారు. పాఠంలో ఆ సగాన్ని ఏటా హడావిడిగా దాటేసేవాణ్ణి. ఇక ఆ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. సాయంత్రం అయిదు దాటితే ఆ ఊళ్ళో ఆటోలు దొరకవు, నేను కంకిపాడు దాకా నడిచాను. అయినా సరే, ఆటో ఆపుకుని మాత్రం వెళ్ళకండి.