వడ్ల మిల్లులో సరళీ స్వరాలు

ఈ ఉదయం నేనొక కిటికీ మూశాను. మూసేటప్పుడు అది తప్పని అనిపించలేదు. అనిపించాక లేచి తెరిచేంత మనసు రాలేదు. ముందుగా ఆ సంగతి ఒప్పుకుంటే గాని మిగతాది రాయడానికి చెయ్యి సాగేట్టు లేదు.

హనుమకొండలో మేముండే అపార్ట్‌మెంట్లో ఆదివారాలు పొద్దున పిల్లలకు సంగీతం క్లాసు నడుస్తుంది. మొదటి అంతస్తులో ఏసీ హాలు, కింద పరుచుకోవడానికి మెత్తటి తివాచీలు, మీట నొక్కితే మోగే శ్రుతిపెట్టె. పాఠం చెప్పేది వేరే అమ్మాయి. నేను పెద్దవాణ్ణని, చిన్నప్పుడు కాస్త నేర్చుకున్నానని పెత్తనం మాత్రం నాకు ఇచ్చారు. కింద సెల్లార్లో కాపురముండే వాచ్‌మన్ కూతురు కొన్ని వారాలుగా వరండాలో కిటికీ పక్కన నిలబడి, లోపలి పిల్లలతో పాటు సన్నగా గొంతు కలుపుతోంది. ఇవాళ ఒక తల్లి వచ్చి, బయటి గొంతు వల్ల మా వాడు తడబడుతున్నాడు అంకుల్ అంది. నేను లేచి, ఆ పిల్ల వంక చూడకుండా, ఏసీ చల్లదనమంతా బయటికి పోతోందని నలుగురికీ వినబడేలా అంటూ అద్దపు రెక్క జరిపి గొళ్లెం పెట్టాను. అద్దం అవతల ఆ పిల్ల పెదవులు కొంచెంసేపు కదిలి ఆగిపోయాయి.

ఇంటికి వచ్చి పేపరు ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక్క అక్షరం ఎక్కలేదు. చాలా ఏళ్లుగా తలుచుకోని మా మేనమామ గుర్తొచ్చాడు. ఆయనే ఉండి ఉంటే నన్ను తిట్టేవాడు కూడా కాదు. నవ్వి ఊరుకునేవాడు. అది తిట్టడం కన్నా కష్టంగా ఉండేది.

మా మామ యుద్ధం రోజుల్లో ఊళ్లు తిరిగే ఒక నాటక కంపెనీలో హార్మోనియం వాయించేవాడు. కిరసనాయిలు దొరక్క, లైట్లు వెలగక, ఆ కంపెనీలు ఒక్కొక్కటే మూతపడుతుంటే ఆయన తన హార్మోనియాన్ని నెత్తిన పెట్టుకున్నంత భద్రంగా తెచ్చుకుని వరంగల్లులో అక్క ఇంటికి చేరాడు. ఆ అక్క మా అమ్మ. స్టేషను అవతల మా బాపుకు ఒక చిన్న వడ్ల మిల్లు ఉండేది. బావ ఇంట్లో ఊరికే కూర్చుని తినడం ఇష్టం లేక మామ సాయంత్రాలు మా మేడగదిలో సంగీతం చెప్పడం మొదలుపెట్టాడు. బట్టల దుకాణాల వాళ్ల పిల్లలు, కిరాణా వాళ్ల పిల్లలు, వాళ్లతో పాటు నేను. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. నా బువ్వ మా బావ పెడ్తాండు, మీది నాకెందుకు అనేవాడు. దానికి బాపు, అవును, నా మిల్లు తిరిగేది ఈయన సంగీతానికే అని ఎకసెక్కమాడేవాడు. బావాబామ్మర్దుల సరసం అలా ఎప్పుడూ నడుస్తూనే ఉండేది.

మేడ మీద ఒక బడి ఉంటే, కింద అరుగు మీద పేరులేని బడి ఇంకొకటి ఉండేది. మిల్లులో బియ్యం చెరిగే ఆడవాళ్లు పని దిగి ఇళ్లకు పోతూ, నూకలు కొంగున మూటగట్టుకుని, పిల్లలను ఒళ్లో వేసుకుని అక్కడ కాసేపు కూర్చునేవాళ్లు. వాళ్లలో ఒకామెను మేమంతా అక్కా అని పిలిచేవాళ్లం. ఆమె చాటలో బియ్యం ఎగరేస్తూ పాట ఎత్తుకుంటే మిల్లు గుమాస్తా కూడా కలం ఆపి వినేవాడు. వాళ్ల కోసమే మామ మేడ మీద అవసరానికి మించి గట్టిగా పాడేవాడని నాకు తెలుసు. అయినా పైకి రమ్మని ఆయన అనలేదు, వస్తామని వాళ్లు అడగలేదు. అప్పటి పద్ధతి అది. అందులో ఏదో తప్పుందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

నలభై ఏడు దాటాక నిజాం రాజ్యంలో రోజులెలా ఉండేవో నా ఈడు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. యుద్ధం అయిపోయినా రేషను అయిపోలేదు. ఆపైన నలుగురు ఒకచోట చేరితే ఎందుకు చేరారని అడిగే కాలం దాపురించింది. పొద్దుగూకితే బజారులో తలుపులన్నీ పడేవి. మా వాడలోనే కొన్ని కుటుంబాలు కాజీపేటలో రైలెక్కి ఏ దిక్కుకో వెళ్లిపోయాయి. ఒక సాయంత్రం ఇద్దరు పోలీసు జవాన్లు మా ఇంటి ముందాగి, పైన ఆ పాటలేమిటి, అంతమంది ఎందుకు వస్తున్నారని అడిగిపోయారు. వాళ్లు అటు పోగానే బాపు మెట్లెక్కి వచ్చాడు.

"బామ్మర్దీ, జర ఈ పాట బంద్ చెయ్యి. రోజులు మంచిగైనంక మళ్ల మొదలుపెడ్దువు."

"రోజులు మంచిగయ్యేసరికి ఈ పిల్లల గొంతులు మారుతయి బావా. అప్పుడు నేనెవలకు చెప్పాలె?"

బాపు మెట్లు దిగిపోయాడు. మామకు పెళ్లాంపిల్లలు లేరు, ఇల్లు లేదు. ఉన్నదంతా ఆ సాయంత్రం పాఠమే. అది పోతే ఆ మనిషి ఏమవుతాడో బాపుకు తెలుసు. రాత్రి అన్నం తింటూ, ఎవరితోనో కాకుండా కంచంతో చెప్పినట్టు, మిల్లుల మొత్తుకోరాదూ, మర తిరుగుతుంటే ఏనుగు అరిచినా బయటికి వినరాదు అన్నాడు. అలా మా సంగీతం బడి మధ్యాహ్నాలకు మారి, వడ్ల మిల్లు వెనక కొట్లోకి చేరింది. బళ్లు సగం రోజులు మూసే ఉండేవి కాబట్టి పిల్లలకు తీరికకు కొదవలేదు.

మొదటి మధ్యాహ్నం బువ్వ వేళకు పని ఆపి, అక్క, ఆమెతోటివాళ్లు అలవాటు చొప్పున కొట్టు బయట చూరు కింద కూర్చున్నారు. మామ ఎంత గట్టిగా పాడినా మర హోరులో అది గడప దాటలేదు. కాసేపటికి ఆ సంగతి ఆయనకే తట్టి బయటికి వెళ్లాడు.

"ఈడ కూసుంటే మర తప్ప ఏం వినబడది. లోపలికి రాండ్రి."

"లోపల మేమెక్కడ కూసోవాలె పంతులూ?" అంది అక్క.

"వినబడే తావుల కూసోండ్రి."

అంతే జరిగింది. ఉపన్యాసాలు లేవు, సంస్కరణ లేదు. వాళ్లు వచ్చి, దుమ్ము దులుపుకుని, మా మధ్య ఖాళీ ఉన్నచోటల్లా కూర్చున్నారు. నేను నా చాపను కొంచెం అవతలికి లాక్కున్నాను. ఆ సంగతి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మిల్లుకు మారినందుకు ఇంకొక మూల్యం ఉంది. వడ్లున్న చోట ఎలుకలుంటాయి. అవి ఒక వారంలోనే హార్మోనియం గాలి తిత్తిని కొరికి పెట్టాయి. హైదరాబాదు పంపినా మరమ్మతుకు సామాను దొరకని కాలం. మామ ఆ పెట్టెను ఒడిలో పెట్టుకుని చిరుగులు వేలితో తడిమి చూశాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, కళ్లు మూసుకుని మర హోరు వింటూ అందులోంచి షడ్జం పట్టుకున్నాడు. నిజంగానే ఆ హోరు అడుగున తెగకుండా సాగే స్వరం ఒకటి ఉంది. అప్పటినుంచి అదే మా శ్రుతి. సరళీ స్వరాలు, జంట స్వరాలు అన్నీ వడ్లు దంచే మరతోనే నేర్చుకున్నాం. ఒకనాడు పాఠం మధ్యలో బెల్టు వదులై మర వేగం మెల్లమెల్లగా తగ్గింది. దాంతోపాటు మేమంతా మాకు తెలియకుండానే కిందికి, ఇంకా కిందికి జారుతూ, చివరికి దున్నపోతులు మూలిగినట్టు పాడుతున్నాం. మామ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుని కూలబడ్డాడు. బెల్టు సరిచేసి మర అందుకోగానే మేమంతా మళ్లీ పైకి లేచాం. అంత నమ్మకంగా శ్రుతిని వెంబడించిన శిష్యులు ఇంకే గురువుకూ ఉండరని ఆయన తర్వాత చాలా రోజులు చెప్పుకున్నాడు.

ఇంజనుకు నూనె దొరకని రోజులూ వచ్చాయి. ఆ రోజుల్లో మామ బయటికి పొక్కకుండా గొంతులు తగ్గించమని, మమ్మల్ని రెండు భాగాలు చేసేవాడు. సగం మంది నోరు మూసుకుని మరలాగా శ్రుతి పట్టాలి, మిగతా సగం పాడాలి. మరునాడు మార్చుకోవాలి. ఇయ్యాల మీరు ఇంజను అంటే దుకాణదారుల పిల్లలం మొహాలు ముడుచుకునేవాళ్లం. అక్క మాత్రం ఏది చెప్పినా అదే చేసేది. ఇంజనైన రోజు ఆమె పక్కన కూర్చుంటే శ్రుతి గొంతులోంచి కాక, నేలలోంచి వచ్చినట్టు ఉండేది.

ఇలా కొన్ని నెలలు నడిచాక బజారులో మాట పుట్టింది. మిల్లు సేటు బామ్మర్ది కూలోళ్లను మన పిల్లల పక్కన కూసోబెడ్తాండట అని. ఒక్కొక్క ఇంటి పిల్లలే రావడం మానేశారు. కేసముద్రం నుంచి మాకు వడ్లు పంపే వర్తకుడొకడు తన కొడుకును వరంగల్లులో బంధువుల ఇంట్లో ఉంచి చదివిస్తూ, మా బడికి పంపుతుండేవాడు. అక్కను, ఆమెతోటివాళ్లను బయట కూర్చోబెట్టకపోతే కొడుకును మాన్పిస్తానని, ఈసారి వడ్లు ఇంకో మిల్లుకు తోలుతానని కబురు పెట్టాడు. మా మిల్లు సగం తిరిగేది ఆయన వడ్లతోనే. బాపు రెండు రోజులు లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. మామ తనే బాపు దగ్గరికి వచ్చి, నేను కంపెనీలు వెతుక్కుంట పోత బావా, నువ్వు ఆగం కాకు అన్నాడు. నేను తోటి పిల్లల వెక్కిరింపులకు జడిసి, కడుపునొప్పి అని ముసుగు తన్ని పడుకున్నాను.

మూడోనాడు మధ్యాహ్నం బాపు వచ్చి నా దుప్పటి లాగేశాడు.

"కడుపునొప్పికి మందు మిల్లుల ఉన్నది, నడువు."

నన్ను చెయ్యి పట్టుకుని కొట్లోకి తీసుకుపోయి, అక్క పక్కనే నన్ను కూర్చోబెట్టి, నా పక్కన తను కూర్చున్నాడు. జన్మలో కూనిరాగం తీసి ఎరగని మనిషి. ఆ రోజు నూనె లేదు, మర ఆగి ఉంది. మామ ఆయన్ను ఎగాదిగా చూసి, బావా, నీకు పాట ఒద్దు, నువ్వు ఇంజనుల ఉండు అన్నాడు. బాపు కళ్లు మూసుకుని మూలగసాగాడు. ఆ మూలుగు ఏ స్వరానికీ చెందినది కాదు. అక్క తన గొంతు కొంచెం పెంచి దాన్ని మెల్లగా తన వైపు లాక్కుంటూ వచ్చింది.

కేసముద్రం వర్తకుడు కొడుకును తీసుకుపోవడానికి సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. సేటూ, జర మాట్లాడాలె అన్నాడు. బాపు ఒక కన్ను మాత్రం తెరిచాడు.

"కొంచెం నిలబడు. నేనిప్పుడు ఇంజన్ని. ఆగితే మా బామ్మర్ది తిడ్తడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వర్తకుడు నవ్వలేదు. కొడుకును రెక్క పట్టుకుని తీసుకుపోయాడు. ఆ ఏడు ఆయన వడ్లు మా మిల్లుకు రాలేదు. అమ్మ నగ ఒకటి కనబడకుండా పోయింది. మానేసిన పిల్లల్లో కొందరు మాత్రం ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. మిల్లు యజమానే కూర్చున్నాక వాళ్ల తండ్రులకు అనడానికి ఏమీ మిగల్లేదు. వర్తకుడి కొడుకు కూడా అప్పుడప్పుడూ వెనక గోడ దూకి వచ్చి, తనే అడిగి ఇంజను వైపు కూర్చునేవాడు.

తర్వాత రోజులు మారాయి, భయం పోయింది. కొత్త తిత్తి వేయించుకుని హార్మోనియం మళ్లీ పలికింది. ఇంక మేడ మీదికి పోదాం పా అని బాపు అంటే, అక్కడికైతే అందరూ రారు బావా అని మామ మిల్లు వదల్లేదు. ఆయన పోయేదాకా బడి ఆ కొట్లోనే నడిచింది. అక్క తన వాడలో పిల్లలను పోగేసి భజనలు నేర్పేదని, ఇంజను పద్ధతి అక్కడా పెట్టిందని విన్నాను. నేను ఉద్యోగంలో పడి ఊళ్లు తిరిగాను. మిల్లు పోయింది, ఆ స్థలంలో ఇప్పుడు దుకాణాల వరస ఉంది.

ఇప్పుడు సంగీతానికి దేనికీ కొరత లేదు. పాటల మీద అనుమానంతో గుమ్మంలో నిలబడేవాళ్లు లేరు. ఎవరి వడ్లూ ఎవరి మిల్లుకూ ఆగిపోవు. అంత భయంలో మావాళ్లు తలుపు తీసిపెడితే, ఏ భయమూ లేని ఈ రోజున ఒక తల్లి చిన్న ఫిర్యాదుకు నేను గొళ్లెం పెట్టాను. మా కాలం మంచిదని మనం తరచుగా చెప్పుకుంటాం. కాలం మంచిది కాదు. అందులో కొందరు మంచివాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర స్వరాలు నేర్చుకుని మిగతాది వదిలేసిన వాణ్ణి నేను.

సాయంత్రం సెల్లార్లోకి దిగాను. వాచ్‌మన్ భార్య అంట్లు తోముతోంది. తప్పు నాదేనమ్మా, వచ్చే ఆదివారం నుంచి పాప లోపల కూర్చుంటుంది, ఎవరైనా అడ్డం చెబితే ఆ క్లాసు పెత్తనం నాకొద్దని రాసిస్తాను అన్నాను. ఆమె చేతులు కడుక్కుని, ఇబ్బందిగా గది వైపు చూసింది.

"అది ఇగ రానంటాంది సారూ. పొద్దటిసంది గోడ దిక్కు తిరిగి పండుకున్నది."

తలుపు దగ్గరికేసి ఉంది. పిలిస్తే పలకలేదు. కార్ల మధ్య గచ్చు మీద, ఆ తలుపు ముందే చతికిలబడ్డాను. మోకాళ్లు ఒప్పుకోలేదు, ఎలాగో ఒప్పించాను. ముసలి గొంతు పగిలిపోతున్నా సరళీ స్వరాలు మొదటినుంచి ఎత్తుకున్నాను. లిఫ్టు దిగినవాళ్లు ఆగి చూశారు. పొద్దున ఫిర్యాదు చేసిన ఆవిడ కూడా చూసింది. నేను ఆపలేదు. కొంతసేపటికి లోపల మంచం కిర్రుమంది. తలుపు తెరుచుకోలేదు గాని, నేను తప్పుగా వేసిన చోట ఒక సన్నని గొంతు నన్ను సరిచేసింది.