కాకా వెతికిన పన్నెండు బోరు పంపు

మక్క, అదే మొక్కజొన్న, కంకి పాలు పట్టే రోజుల్లో ఒక ఉదయం శామీర్‌పేట నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, బాపు పోయిండు. చాయ్ తాగుకుంటనే ఒరిగిండు" అంది కాకా కూతురు. ఫోన్ పెట్టేసింది. నేను కొంపల్లిలో మా వరండాలో చెప్పులు తొడుక్కుని, బయల్దేరడం మరిచిపోయి కూర్చుండిపోయాను.

ఊరంతా ఆయన్ని కాకా అనేవారు. వరసలు వెతుక్కునే ఓపిక లేక నేనూ కాకా అనేశాను. టీచరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక శామీర్‌పేట దగ్గర అరెకరం కొనుక్కున్నాను, కూరగాయలు పండించుకుందామని. గట్టుకు అవతల రెండున్నర ఎకరాలు ఆయనవి. కాకా మిలిట్రీలో ఆయుధాలు బాగుచేసే పనిచేసి, తరువాత బ్యాంకులో గార్డుగా ఉండి, చివరికి మక్క వేసుకుంటూ కూతురితో స్థిరపడ్డారు. మా కోస్తా మాట విని మొదటిరోజే, "టీచరమ్మా, మీరు మాట్లాడుతుంటే రేడియోల వార్తలు ఇన్నట్టున్నది" అన్నారు. అది మెప్పో ఎత్తిపొడుపో నాకిప్పటికీ తెలియదు.

ఆయన ప్రతిదీ మూడుసార్లు చూసేవారు. ఇంటి తాళం మూడుసార్లు లాగి చూడాలి. బస్సెక్కే ముందు జేబులో కళ్ళజోడు మూడుసార్లు తడుముకోవాలి. నాకు చిరాకొచ్చి ఒకసారి అడిగేశాను. "ఖాళీ అన్నోని మాట నమ్మొద్దు టీచరమ్మా. కన్ను గూడ మోసం జేస్తది. ఏలు పెట్టి జూడాలె" అన్నారు. తుపాకీలో తూటా లేదని తేల్చుకోవడానికి చిటికెన వేలు లోపల పెట్టి తడిమి చూడడం ఆయనకు పట్టుబడిన పద్ధతి. ఆ పద్ధతి చివరికి చాయ్ డబ్బా దాకా పాకింది.

బ్యాంకు రోజుల నుంచీ ఆయనకు లైసెన్సూ, దాని మీద ఒక రెండు గొట్టాల జోడునాలి తుపాకీ ఉండేవి. దాని గొట్టం చీలింది. అదే ఏడు అడవి పందులు సగం చేను తొక్కిపోయాయి. కాకాకు పాత కోరిక మళ్ళీ లేచింది. మిలిట్రీలో ఉండగా తన చేతిమీదుగా బాగైన రకం కావాలి. ముందుచెక్కను వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా ఎక్కే పంపు తుపాకీ, గొట్టం కొలత పన్నెండు బోరు. తుపాకీ అంటే నాకు భయం, అది ఉన్నవాళ్ళంటే అంతకన్నా భయం. అయినా కారు నాది, ఇంగ్లీషులో అర్జీలు రాసే చెయ్యి నాది. తప్పలేదు.

వెతుకులాటలో ఆయన చేసిన పొరపాటల్లా, తుపాకీ అన్న మాట నలుగురిలో అనకపోవడమే. జనం బెదురుతారని, "పన్నెండు బోరుది, మిలిట్రీ పాత పంపు, ఏడన్నుంటే జెప్పుండ్రి" అనేవారు. ఈ వైపు పంపన్నా బోరన్నా నీళ్ళే కదా. "పన్నెండు బోర్లేస్తవా కాకా? భూమి జల్లెడైతది" అన్నాడు హోటలాయన. ఇంకొకాయన మేడ్చల్‌లో ఉందని మమ్మల్ని వెంటబెట్టుకుని పాత ఇనప సామాను దుకాణానికి తీసుకెళ్ళాడు. అక్కడ పచ్చరంగు పెచ్చులూడిన నీళ్ళ మోటారు పంపు. "గిదే కాకా, మిలిట్రీదే. ఇంక మస్తు గుంజుతది."

నేను నవ్వాపుకోలేక బయటికొచ్చేశాను. కాకా మాత్రం నవ్వలేదు. కూర్చుని బోల్టులు విప్పించి, లోపల వేలు పెట్టి చూసి, కొనేశారు. "మంచి పంపు. నేనడిగింది గాదు, గంతే. మీ మోటరు కాలింది గదా." ఇవాళ్టికీ నా వంకాయ మళ్ళకు నీళ్ళు తోడేది అదే.

అసలుది బొల్లారంలో దొరికింది. కాకా కొత్తవాటిని చూసి తల అడ్డంగా ఊపడం నాలుగోసారి అయ్యాక, లైసెన్సున్న ఆయుధాల డీలరే దారి చూపించాడు. చనిపోయిన ఒక మిలిట్రీ అధికారిది అది. ఆయన భార్య అమ్మాలనుకుంటున్నారట. కాగితాలు తనే చూస్తానన్నాడు. ఎనభై దాటిన ఆవిడ గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టారు. కాకా గొట్టం గోడవైపు తిప్పి, ముందుచెక్క లాగి, కన్నుతో చూసి, వేలు పెట్టి చూసి, మళ్ళీ మళ్ళీ చూశారు. తరువాత నూనె అంటిన ఆ వేలిని వెలుగులో పట్టుకుని అడిగారు.

"దీన్ని రోజూ తుడిచిందెవరమ్మా?"

"నేనే. ఆయన ఉన్నప్పుడూ నేనే" అన్నారావిడ. "ఇంతమంది వచ్చారు, పేలుతుందా అనే అడిగారు. నువ్వు తీసుకెళ్ళు నాయనా."

నాకు తెలిసి కాకా దాన్ని ఒక్కసారీ పేల్చలేదు. పొద్దుగూకే వేళ గట్టు మీద నిలబడి, ఖాళీ తుపాకీ ముందుచెక్క లాగి తోసేవారు. చక్, చక్. పందులు తలెత్తి, వచ్చిన దారే పట్టేవి. ఒక్కటి మాత్రం కదల్లేదు. దానికి చెవుడని కాకా తీర్పు చెప్పి, డబ్బా కొట్టి తరిమారు. "పేల్చినోడు గాదు, పేల్చకుంట ఎల్లదీసినోడే మొనగాడు" అనేవారు. నా భయం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

తుడిచేటప్పుడు కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకునేవారు. పట్టుబట్టి ఆమెకు తుపాకీ శిక్షణ కూడా ఇప్పించి, సర్టిఫికెట్ పెట్టెలో దాచారు. ఎందుకో ఆయన పోయాకే అర్థమైంది. దినాలు కాకముందే కాకా అన్నదమ్ముల కొడుకులు వచ్చారు. "ఆడిపిల్లకు తుపాకేంది? ఠాణాల ఇచ్చి ఊకో. భూమి గూడ ప్లాట్లు జేస్తే పరేషాన్ ఉండది" అన్నారు. ఆమె నావైపు తిరిగి, "తుపాకి పోతే మక్క పోతది. మక్క పోతే ఇగ భూమి పోతదక్కా. వారసురాలిగ నా పేరు మీద అర్జీ రాయి" అంది. కాకా కోసం నేను చాలా అర్జీలు రాశాను. మూడుసార్లు చదివి చూసుకున్నది ఇదొక్కదాన్నే.

లైసెన్సు తేలేదాకా తుపాకీ పోలీసు ఠాణాలో అప్పజెప్పాలి. ఇద్దరం వెళ్ళాం. "ఖాళీయే గదమ్మా?" అన్నాడు ఠాణా రాతపనులు చూసే రైటరు. "ఖాళీయే సార్" అంటూనే గొట్టం గోడవైపు తిప్పి, ముందుచెక్క లాగి, చిటికెన వేలు పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. మళ్ళీ. ఆ చేత్తోనే అర్జీ మీద సంతకం చేస్తే, పేరు పక్కన నూనె మరక పడింది. వేరే కాగితం రాస్తానన్నాను. ఉండనీయమంది.

మొన్న విచారణకు ఎస్సై పొలానికి వచ్చారు. పందులు తొక్కిన సాళ్ళు చూశారు, శిక్షణ సర్టిఫికెట్ చూశారు. అర్జీ దగ్గర ఆగి, "ఈ మరకేంది?" అన్నారు.

ఆమె చిటికెన వేలు పైకెత్తి చూపించి, "తుపాకి ఖాళీనేనా అని జూసిన ఏలిది సార్" అంది.

ఆయన ఆ వేలివైపు చూసి, "ఎన్నిసార్లు?" అన్నారు.

"మూడుసార్లు సార్."

మక్క చేను మధ్య ఆమె వేలు ఇంకా దించలేదు. ఆయన కలం తీసి, లైసెన్సు ఇవ్వవచ్చని రిపోర్టులో రాసుకున్నారు.