ఎర్మెస్ కారు గేరు రాడ్డు

ఎర్మెస్‌కి కోపం రావడానికి కారణమంటూ అక్కర్లేదని ఇటలీలోని స్పిలంబెర్తో ఊళ్లో అందరికీ తెలుసు. గేరుబాక్సుల కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసినన్నాళ్లూ వచ్చిన ప్రతి ఫోర్‌మన్‌తోనూ తగువు పడి, చివరికి తన వీడ్కోలు విందుకి తనే వెళ్లని మనిషి. ఎనభై దగ్గర పడుతున్నా ముక్కు మీది కోపం దిగలేదు. అయితే ఈ ఆదివారం వచ్చిన కోపానికి మాత్రం కారణం ఉంది.

ఆయనకి ఓ పాత ఎర్ర స్పోర్ట్స్ కారుంది. రెండే సీట్లు, ఇంజను వీపు వెనకాల. దాన్ని డొక్కు అన్నవాళ్లతో మాటలు మానేశాడు. ఆదివారం ఆ కారులో కొండ మీది ఊరికెళ్లి స్నేహితులతో పేకాడి రావడం ఆయన వ్రతం. చర్చికి భార్య వెళ్తుందిగా, ఇంటికొకరు చాలు అంటాడు. ఆ వేళ స్టార్టు చేసి గేరు కర్ర లాగితే, గంజిలో గరిటెలా తిరిగింది. ఏ గేరూ పడలేదు.

జాకీ ఎత్తి, మోకాళ్లను తిట్టుకుంటూ కారు కిందకి దూరాడు. గేరు కర్ర నుంచి వెనక గేరుబాక్సు దాకా పోయే పొడుగాటి రాడ్డు అతుకు దగ్గర ఊడి వేలాడుతోంది. అతుకును వదులు లేకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ గొట్టం, బుష్, రెండు ముక్కలైంది. అది ఏళ్లనాటిది, ముట్టుకుంటేనే పగిలేలా ఉండేది. కానీ అతుకు బోల్టు విరగలేదు. పక్కన రేకు అంచు మీద పెట్టి ఉంది, దాని నట్టు దానికే తగిలించి ఉంది.

ఎర్మెస్‌కి ఒళ్లు మండిపోయింది. విప్పిన నట్టును దాని బోల్టుకే తగిలించాలని ఆయన చెవి మెలేసి నేర్పింది లోకంలో ఒక్కడికే.

“లోరిస్! ఒరేయ్ లోరిస్!”

కొడుకు కాఫీ కప్పుతో షెడ్డులోకి వచ్చాడు. తండ్రి చేతిలో బోల్టు చూడగానే కప్పు బల్ల మీద పెట్టేశాడు.

“నువ్వేనా?”

“నేనే.”

“సిగ్గు లేదూ? కన్నతండ్రి కారు కిందకి దొంగలా దూరతావా?”

“కారు నడపడం మానెయ్యమని మొహం మీద చెప్తే విన్నావా? రైలు గేటు దగ్గర వెనక్కి రావాల్సింది ముందుకి దూకించావు. పక్క సీట్లో నా కూతురుంది నాన్నా! జెమ్మా ఇప్పుడు నీ కారంటేనే ఏడుస్తోంది.”

“అది బుష్ అరిగి! నేను వేసింది రివర్సే. ఇదిగో ముక్కలు, కళ్లు పెట్టుకుని చూడు!”

“ఇప్పుడు బుష్షు. అంతకుముందు క్లచ్చు. అంతకుముందు ఎండ కళ్లలో పడింది. తప్పు చెయ్యడం నువ్వు పుట్టి ఎరగవు!”

“నోర్ముయ్! విప్పిన చేత్తోనే బిగించు. తప్పెవడిదో ఇవాళ తేలుస్తా.”

ఎర్మెస్ పగిలిన ముక్కల్ని కలిపి కొలత తీసుకుని, షెడ్డులోని లేతు మీద కంచుతో కొత్త బుష్ చేశాడు. లేతు చప్పుడును మించి తిట్టాడు. లోరిస్ కారు కిందకి వెళ్లి గ్రీజు పూసి అతుకు కలిపాడు. తండ్రి సీట్లో కూర్చుని గేరు కర్రను న్యూట్రల్‌లో నిలిపి పట్టుకున్నాడు.

“కదపకు!”

“నాకా చెప్తున్నావు? నీకు పానా పట్టుకోవడం నేర్పిందెవడ్రా?”

బోల్టు బిగిసింది. ఎర్మెస్ వరసగా అన్ని గేర్లూ వేసి చూశాడు. వెన్నలో చాకులా దిగుతున్నాయి. “చూశావా? నా చెయ్యి కాదు, బుష్షే!” అని మీసం తిప్పినంత పని చేశాడు. జాకీ దించి, లోరిస్ కారు వెనకున్న షెడ్డు తలుపు బార్లా తీసి, కప్పు కోసం కారు ముందున్న బల్ల దగ్గరికి వచ్చాడు.

ఎర్మెస్ స్టార్టు చేసి, మెడ తిప్పి వెనక్కి చూస్తూ గేరు వేసి క్లచ్చు వదిలాడు.

కారు ముందుకి దూకింది. బల్ల గోడకి కొట్టుకుంది, కప్పు ముక్కలైంది. లోరిస్ జానెడు దూరంలో తప్పించుకుని గోడకి అతుక్కుపోయాడు.

ఇంజను ఆగిపోయింది. ఎర్మెస్ గేరు కర్ర వంక చూశాడు. మొదటి గేరులో ఉంది. అటూ ఇటూ కుదిపాడు. ఎక్కడా వదులు లేదు.

“ఏం, ఇప్పుడు అనవేంరా?” గొంతు చించుకున్నాడు. “ఇందాక అంత నోరుందిగా! తప్పెవడిదో అను! అనరా!”

లోరిస్ గోడ వదిలాడు. వచ్చి కారు తలుపు తీశాడు.

“దిగు నాన్నా. మెల్లగా.”

ఆ మెత్తటి మాటకి వచ్చినంత కోపం ఎర్మెస్‌కి జన్మలో ఎన్నడూ రాలేదు.