టాంగెరె... అంటే ముట్టుకోవడం

మా చిన్నప్పుడు... బోధన్‌లో మా అవ్వ, అంటే అమ్మ, వాకిట్లో బీడీలు చుడుతుంటే పక్కనే కూర్చునేవాణ్ణి. ఒకరోజు తునికాకు మీద ఎర్రగా కనబడింది. కత్తెర అవ్వ వేలిని కోసింది... ఆమెకు తెలియనే లేదు. నేను చెబితే చూసుకుని నవ్వింది.

మా నాయన, బాపు, పోయాక ఇంటికి పెద్ద ఆయన అన్న, మా పెద్దబాపే. అవ్వ చేతి మీద తేలిన మచ్చలో, నొప్పి తెలుస్తుందో లేదో చూద్దామని, తన భార్య పెద్దవ్వ చేత సూది గుచ్చించాడు. "ఇంక గుచ్చలేదా అక్కా?" అని అవ్వ అడిగింది. అప్పటికే గుచ్చి తీశారు.

ఆ సాయంత్రమే గడప బయట సున్నంతో గీత గీశాడు. అవ్వ అవతల... మేము ఇవతల. చెంబు ఎత్తిపట్టి ఆమె దోసిట్లో నీళ్లు పోసేవాళ్లు.

"పోరగా, మీ అవ్వను ముట్టినవంటే నీకు గదే రోగం. వేళ్లు ఊసిపోతయ్" అన్నాడు పెద్దబాపు.

రోజూ చేయి గిల్లుకునేవాణ్ణి. నొప్పి పుడితేనే ఊపిరి ఆడేది.

అవ్వ నీడను కూడా తాకని ఆ మనిషి, ఆమె చుట్టిన బీడీలను మాత్రం చాటలోంచి తీసుకుని హాయిగా తాగేవాడు. చచ్చినవాళ్లను అనకూడదంటారు... నేను అంటాను.

డిచ్‌పల్లి కుష్టు దవాఖానలో అవ్వకు నయమైంది. నర్సమ్మ ఆమెను చేయి పట్టుకుని తీసుకొచ్చింది. "భయం లేదు బిడ్డా, పట్టుకో" అన్నది నాతో. పట్టుకున్నాను... వెచ్చగా ఉంది.

ఇంటికొస్తే గీత అలాగే ఉంది. పెద్దబాపు చెరపనివ్వలేదు. అవ్వ చివరిదాకా దాని అవతలే పడుకుంది.

చాలా ఏళ్లకు ఒక నిఘంటువులో లాటిన్ క్రియ ఒకటి కనబడింది. టాంగెరె... ముట్టుకోవడం. అంటురోగానికి ఇంగ్లీషువాళ్లు చెప్పే కంటేజియన్ అందులోంచే పుట్టింది. కాంటాక్ట్ కూడా. ఎవరూ ముట్టనిది ఇంటాక్ట్... చెక్కుచెదరనిదట. అక్కడే పుస్తకం మూసేశాను. ఎవరూ ముట్టక మా అవ్వ చెక్కుచెదరకుండా ఉందా?

ఆ భాష మాట్లాడినవాళ్లు ఎప్పుడో పోయారు. ఆ మాట పోలేదు. కరోనా రోజుల్లో పెద్దబాపు కొడుకు ఇంటికి పోతే గేటు తీయలేదు. "గాడ్నే నిలవడు అన్నా, కాంటాక్ట్ అయితది" అన్నాడు. నా కళ్లు కింద సున్నపు గీత కోసం వెతికాయి.

ఇప్పుడెవరూ సున్నంతో గీయడం లేదు... గీత కనబడదు, అంతే. నేను ఇప్పటికీ పొద్దున లేవగానే చేయి గిల్లుకుంటాను. నొప్పి పుట్టేదాకా భయమే.

మీ ఇళ్లలో గీత అవతల ఎవరుండేవారు... వాళ్ల చేయి ఎవరైనా పట్టుకున్నారా? రాయండి.