ఏరు దాటితే దేశం దాటినట్టా?

1943. ప్రపంచ యుద్ధం జోరుగా సాగుతున్న రోజులు. గురజాల తాలూకాలో, కృష్ణ ఒడ్డుకు ఆమడ దూరంలో ఉన్న ఒక పోలీసు స్టేషను. ఈ కథలో శత్రుదేశపు స్త్రీ ఉంది. వరదొచ్చిన కృష్ణ ఉంది. దేశం నుంచి వెళ్ళగొడతారన్న భయం ఉంది. పల్నాటివాడు కథ ఎత్తుకుంటే వినేవాళ్ళు ముందు కత్తుల కోసం చూస్తారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాను: కత్తుల్లేవు. శత్రుదేశపు స్త్రీకి అరవై రెండేళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పులు. కథంతా ఒక హాజరు పుస్తకం గురించి. ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే లేచిపోవచ్చు, నేనేమీ అనుకోను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఆ స్టేషనులో రైటరుని. రైటరంటే పోలీసే, కాకపోతే లాఠీ బదులు కలం పట్టుకుంటాడు. దొంగ దొరికినా, దొరక్కపోయినా, గేదె తప్పిపోయినా రాయాల్సింది వాడే. నా బల్ల మీది పుస్తకాల్లో అన్నిటికన్నా పలచనిది విదేశీయుల రిజిస్టరు. అందులో ఒకే ఒక్క పేరు.

అసలు పేరు ఎల్సా. జర్మనీ మనిషి. అప్పటికి ముప్పై ఏళ్ళ కిందట మిషను ఆసుపత్రికి నర్సుగా వచ్చి, మాతో ఉండీ ఉండీ ఎల్సమ్మ అయింది. యుద్ధం రాగానే జర్మనీవాళ్ళను క్యాంపులకు తరలించారు. ఈమెను మాత్రం వయసు చూసి, చుట్టుపక్కల అడ్డం తిరిగిన కాన్పు చేయగల మనిషి ఇంకెవరూ లేరని తెలుసుకుని, పెరోలు మీద వదిలారు. పెరోలంటే మాట మీద వదలడం. ప్రతి సోమవారం మధ్యాహ్నంలోగా స్టేషనుకొచ్చి సంతకం పెట్టాలి. అనుమతి లేకుండా తాలూకా దాటకూడదు. బ్రిటిషు ఇండియా అసలే దాటకూడదు. ఏ ఒక్కటి తప్పినా క్యాంపు, యుద్ధం అయ్యాక ఓడ. జర్మనీలో ఆమెకు మిగిలింది ఒక చెల్లెలు. ఆవిడ బతికుందో లేదో తెలియదు.

ప్రతి సోమవారం ఎద్దుబండి దిగి, గుమ్మం పట్టుకుని, అదే మాట అనేది.

"ఏరా అబ్బాయ్, పుస్తకం తియ్యి. శత్రువొచ్చింది."

"కూర్చోండమ్మా."

"కూర్చుంటే మళ్ళీ లేపాలిరా నువ్వు. నిలబడే పెడతా."

సంతకం పక్కన ఒక ప్రశ్న ఉండేది: గత వారంలో బ్రిటిషు ఇండియా ఎల్లలు దాటారా? నేను అడక్కుండానే "లేదు" అని రాసేవాణ్ణి. ముసలమ్మ ఎల్లలు దాటి ఎక్కడికి పోతుంది? అట్లా రెండేళ్ళు రాశాను. చేతికి అలవాటైపోయి, కలం సిరాలో ముంచకముందే "లే" వచ్చేసేది.

ఇక్కడ మా ప్రాంతపు సంగతి ఒకటి చెప్పాలి. అప్పట్లో కృష్ణకు ఇవతల తెల్లవాడి ఏలుబడి, అవతల నిజాం ఏలుబడి. పటాల్లో అట్లా ఉంది. మా జనానికి పటాలతో పనిలేదు. ఇవతలి పిల్లని అవతలికిస్తారు, అవతలి కోడెల్ని ఇవతలికి తోలుకొస్తారు. గుండ్రటి పుట్టి ఎక్కి పోయొస్తే దాన్ని ప్రయాణం కింద లెక్కేయరు. "ఊరెళ్ళావా?" అని అడిగితే, "ఊరెక్కడికి, ఏటవతలికి పోయొచ్చా" అంటారు. మా చిన్నమ్మ ఇల్లు కూడా అవతలే. నేను ఎన్నోసార్లు పరాయి రాజ్యంలో వంకాయ కూర తిని, సాయంత్రానికి ఇల్లు చేరాను. అది విదేశీయానమని ఒక్కనాడూ తట్టలేదు.

శ్రావణంలో ఒక సోమవారం ఎల్సమ్మ రాలేదు. మధ్యాహ్నం దాటింది. మా సబ్ ఇన్స్పెక్టరుగారు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్ళారు. ఆయనకు రిటైరుమెంటు ఇంకో రెండేళ్ళుంది. ప్రపంచంలో ఏ గొడవైనా ఆ రెండేళ్ళూ ఆగి రావాలని ఆయన కోరిక.

"ఏమయ్యా, మన శత్రువు రాలా?"

"వానలండీ. బండి దిగబడిందేమో."

"రేపు చూద్దాం. ఇప్పుడే ఏం రాయబాక."

మంగళవారమూ రాలేదు. బుధవారం పొద్దున బురద కాళ్ళతో వచ్చి, నేను కూర్చోమనకుండానే బల్ల మీద కూలబడింది. అంత అలసట ఆమె మొహంలో ఎప్పుడూ చూడలేదు. సంచిలోంచి తడిసిన చీటీ ఒకటి తీసి నా ముందు పెట్టింది. ఉర్దూ.

మా స్టేషనులో ఉర్దూ చదవగలిగింది హెడ్ కానిస్టేబుల్ ఖాసిం ఒక్కడే. అతను చీటీని వెలుతురుకు పట్టుకుని చదివాడు.

"జర్మనీ ఔరత్ ఎల్సా సోమవారం పొద్దున పది గంటలకు మా ఠాణాలో హాజరైంది. ఏరు పొంగినందువల్ల తన ఠాణాకు పోలేకపోయింది. కింద అవతలి అమీను, అంటే వాళ్ళ సబ్ ఇన్స్పెక్టరు, దస్తఖతు, ముద్ర." ఖాసిం చీటీ తిప్పి చూశాడు. "నడవడి మంచిది అని గూడా రాశాడండీ."

సబ్ ఇన్స్పెక్టరుగారు నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు. "అమ్మా, మీరు అవతల ఠాణాకు పోయి చెప్పుకున్నారా?"

"సోమవారం పోలీసోళ్ళ దగ్గర సంతకం పెట్టమన్నారు గదా. వాళ్ళూ పోలీసోళ్ళే. ఏరు దిగేదాకా ఊరికే కూర్చుంటే తప్పు గాదూ?"

ఎవరూ మోపని నేరానికి తానే సాక్ష్యం తయారుచేసుకొచ్చే ముద్దాయిని నేను అదే మొదట చూడటం. చీటీ చూపించకపోతే గైర్హాజరు. చూపిస్తే దేశం దాటినట్టు. ఏది రాసినా దారి క్యాంపుకే.

"కాన్పా?" అన్నాను.

"ఆదివారం పుట్టొచ్చింది నాకోసం. బిడ్డ చెయ్యి ముందొచ్చిందిరా. తల్లి దక్కింది. బిడ్డ దక్కలా."

ఖాసిం చీటీని మడిచి బల్ల మీద పెట్టాడు. తరవాత నాలోని తెలివి మేల్కొంది. "అమ్మా, ఈ చీటీ చించేద్దాం. జ్వరం అని రాస్తా. రెండు రోజులు జ్వరం, మూడోనాడు హాజరు. చానామందికి వస్తుంది."

"ఆ ఇంటికి పోయి, ఆ బిడ్డని నా చేత్తో తీసి, పోలేదని కాయితం మీద పెట్టమంటావా?"

ఇంత గొప్ప మాట ఆ స్టేషను గోడలు విని ఉండవనిపించింది. అంతలో ఆమే దాన్ని చెడగొట్టింది.

"అయినా అవతలోళ్ళ పుస్తకంలో నా సంతకం ఉంది గదరా. నువ్విక్కడ చించితే అక్కడిది ఏమైద్ది? యాపాటి రైటరువిరా నువ్వు?"

అప్పుడు సబ్ ఇన్స్పెక్టరుగారు అడగకూడని ప్రశ్న అడిగారు. "ఇంతకు ముందెప్పుడన్నా ఏరు దాటారా అమ్మా?"

ఎల్సమ్మ వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కుడిచెయ్యి అయింది, ఎడమచెయ్యి అయింది, మళ్ళీ కుడిచెయ్యి మొదలైంది. రెండో విడతకు ఆయన ఆపమని సైగ చేసి నావైపు తిరిగారు.

"ఇన్నాళ్ళూ ఏం రాశావయ్యా?"

"లేదు అనండీ."

"అడిగావా?"

"అడగలేదండీ. ఏరు దాటడం గూడా దాటడమేనని…" ఆగిపోయాను.

ఖాసిం కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు, "అయ్యగారి తోడల్లుడి ఇంట్లో పోయిన నెల ఉపనయనం బాగా జరిగిందటండీ. అవతల."

సబ్ ఇన్స్పెక్టరుగారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. "ఉన్నదున్నట్టు రాయవయ్యా," అన్నారు చివరికి. "ఈ వారానిది ఉన్నదున్నట్టు రాయి. పాతయి ఎవడూ అడగలా."

రాశాను. ఆదివారం కాన్పు కోసం దాటిందని, ఏరు పొంగిందని, సోమవారం అవతల హాజరైందని, బుధవారం తిరిగొచ్చిందని. చీటీ జతచేసి జిల్లా ఆఫీసుకు పంపాం. జవాబు వచ్చేదాకా ఏటి గట్టు దాటి అడుగు పెట్టవద్దని ఆమెకు చెప్పాం. చెప్పినట్టు ఆమెతో సంతకం తీసుకున్నాం. ఆ సంతకం నిలబడే పెట్టింది.

ఆ తరవాత ఎదురుచూపులు. ప్రతి సోమవారం గుమ్మంలోంచే అడిగేది, "నా కాయితం?" రాలేదనేవాణ్ణి. ఒక వారం తన రేకుపెట్టె సర్దుకున్నానంది. ఇంకో వారం ఒక జాబితా ఇచ్చింది: ఏ ఊళ్ళో ఎవరికి ఎన్నో నెల, ఎవరికి మొదటి కాన్పు కష్టమైంది, ఎవరి మీద కన్నేసి ఉంచాలి. "నేను పోతే ఆసుపత్రిలో ఇయ్యి." పోలీసు స్టేషనులో నేను దాచిన రహస్య పత్రం అదొక్కటే. అందులో నెలల లెక్క నాకు అర్థం కాలేదు.

ఏరు తగ్గాక ఒక ఉదయం అవతలి నుంచి మళ్ళీ కబురొచ్చింది. ఒక ఇంటి కోడలికి రెండు రోజులుగా నొప్పులు, బిడ్డ రావడం లేదు. ఎల్సమ్మ పుట్టి ఎక్కకుండా చూడమని సబ్ ఇన్స్పెక్టరుగారు నన్ను రేవుకు తరిమారు. వెళ్ళేసరికి ఎల్సమ్మ ఒడ్డున రాయి మీద కూర్చుని, అవతలి గట్టునే చూస్తోంది. పుట్టి నడిపే సాంబయ్య తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు.

"నేనెక్కుతానని వచ్చావా?" అంది నాతో.

"ఎక్కితే రాయాలమ్మా."

"తెలుసు." చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

సాంబయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అమ్మ అవతలికి పోగూడదు. అంతేనా రైటరు బాబూ?"

"అంతే."

"మావోళ్ళు ఇవతలికి రాగూడదని యాడన్నా రాసుందా?"

నేను నిజంగానే ఆలోచించాను. షరతులన్నీ నా చేత్తో నకలు తీసినవే. ఎక్కడా లేదు.

"లేదు."

"మరి ఇందాకట్నుంచి ఏంది ఈ ఏడుపు?" అని పుట్టి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

గంటలో మంచం కోళ్ళు విరిచి, నొప్పులు పడుతున్న కోడల్ని దాని మీద పడుకోబెట్టి, పుట్టిలో తెచ్చారు. ఆమె అత్తగారు ఏటి మధ్యలో అరిచిన తిట్లు ఇవతలికి ముందే చేరాయి. సాంబయ్య గుడిసెలో మధ్యాహ్నానికి కాన్పయింది. ఆడపిల్ల. ఏడుపు గట్టు మీదున్న నాకూ వినిపించింది. బ్రిటిషు సామ్రాజ్యానికి ఇంకో మనిషి కలిసింది. ఆ తరవాత సామ్రాజ్యం ఎక్కువ కాలం నిలవలేదు గానీ, కారణం ఈ పిల్ల కాదని నా అభిప్రాయం.

ఎల్సమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ఈసారి ఏం రాస్తావురా?"

"ఎల్లలు దాటలేదు అని."

"అడిగి రాయి."

"దాటారా అమ్మా?"

"లేదు," అంది. రాయి మీద కూర్చుని కాసేపు కళ్ళు మూసుకుంది. అప్పటినుంచి అవతలి చూలాళ్ళు నెలలు నిండకముందే ఇవతలికి రావడం మొదలైంది. ఆసుపత్రి వరండాలో నడవడానికి చోటుండేది కాదు.

సంక్రాంతి దాటాక జిల్లా ఆఫీసు కవరు వచ్చింది. సబ్ ఇన్స్పెక్టరుగారు తెరవలేక నాకిచ్చారు. నేను ఖాసింకిచ్చాను. అతను ఇంగ్లీషు రాదని తిరిగి నాకిచ్చాడు. మూడు పేరాలు. మొదటిది: హెచ్చరిక. రెండోది: పెరోలు కొనసాగుతుంది. మూడోది: ఆఫీసు సౌలభ్యం కోసం ఇకనుంచి హాజరు సోమవారం కాదు, శుక్రవారం.

ఎల్సమ్మకు చదివి వినిపించాను. ఏడుస్తుందేమోనని మంచినీళ్ళు కూడా తెప్పించాను. నీళ్ళు తాగి, "శుక్రవారం బండి దొరకదురా," అంది. ఆ తరవాత యుద్ధం అయ్యేదాకా శుక్రవారం నడిచే వచ్చింది, మోకాళ్ళు పట్టుకుని. యుద్ధం అయ్యాక కూడా ఎవరూ ఓడ ఎక్కించలేదు. డెబ్భై దాటినా ఇప్పటికీ ఆసుపత్రిలోనే ఉంది.

ఆ కేసు నాకు నేర్పింది గొప్ప సంగతేమీ కాదు. జవాబు తెలిసినా సరే, ముందు ప్రశ్న అడిగి రాయాలి. ఆ అలవాటుతో నేను మా చిన్నమ్మను కూడా విసిగిస్తున్నాను.

విదేశీయుల రిజిస్టరు రాయాల్సిన కొత్త రైటర్లకు ఇంకొక్క మాట: నల్ల సిరాతోనే రాయండి. నీలం సిరా అయితే తిప్పి పంపుతారు.