మరిగించిన బోరింగు నీళ్లు

నాకు కోపం ఎక్కువని పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఒకటే మాట. ఆ కోపమే లేకపోతే మా పెద్దమ్మాయి ఈ రోజు నోరు తెరిచి నవ్వగలిగేదా అని మాత్రం ఎవరూ ఆలోచించరు. వాళ్లు ఆలోచించరు కాబట్టి నేనే రాస్తున్నాను.

నేను కొత్తకోట దగ్గరి పిల్లను. ఎనభైల చివర పెళ్లయి దేవరకొండ వైపు ఒక ఊరికి కాపురానికి వచ్చాను. పెళ్లిలో మా ఆయన ఒక్కసారి కూడా నవ్వలేదు. ఫొటోగ్రాఫర్ "సారూ, జర నవ్వుండ్రి" అని ఎంత బతిమాలినా మూతి బిగించుకునే కూర్చున్నాడు. బడిపంతులు కదా, గీర అనుకున్నాను. మూడో రోజు ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే విషయం తెలిసింది. ముందుపళ్ల మీద అడ్డంగా ఇటుక రంగు చారలు. నేను చూశానని గమనించి, తల దించుకుని, "మా ఊరి నీళ్లు" అన్నాడు. మర్నాటి నుంచి చూస్తే ఊళ్లో సగం నోళ్లు అలాగే ఉన్నాయి. ఓనమాలు రానివాళ్లకు కూడా అక్కడ ఫ్లోరైడు అనే మాట తెలుసు.

మా అత్తమ్మను ఆ నీళ్లు పళ్లతో వదిలిపెట్టలేదు. యాభై ఏళ్లు నిండకముందే ఆమె నడుము వంగిపోయింది. మెడ పైకి లేవదు. ఎదుటి మనిషి మొహం చూడాలంటే ఆ మనిషి కింద కూర్చోవాలి. కొత్తకోడలిగా నేను గడపలో నిలబడితే ఆమె నా పాదాలు చూసి, "మంచిగున్నవు బిడ్డా" అంది. నాకు నవ్వాగలేదు. ఆమెకూ ఆగలేదు. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ కుదిరింది.

మా అమ్మాయి నా పుట్టింట్లో పుట్టింది. ఐదో నెలలో అత్తగారింటికి తీసుకొచ్చాను. అత్తమ్మ చాప మీద కూర్చుని పాపను ఒళ్లో వేయించుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత బోర్లా తిప్పి, మెడ దగ్గర నుంచి కిందిదాకా వేళ్లతో నిమిరింది. "నిట్టనిలువుగ ఉన్నది" అంది. ఆమె సంతోషంగానే అంది గానీ నా చూపు ఆమె వంగిన నడుము మీదికే పోయింది. ఈ వీపు ఇలాగే ఉండాలి, రాబోయే పళ్లు తెల్లగా రావాలి. ఈ ఊరి నీళ్లు తాగుతూ అది ఎలా కుదురుతుందో నాకు తెలియలేదు.

తెలిసినవాళ్లను అడుగుదామని టౌనులో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. నాగార్జునసాగర్‌కు అవతల, కాలువల కింది సీమ నుంచి వచ్చిన మనిషి. పాపను త్రాసులో పెట్టి, అట్ట మీద గీతలు చూసి, పెదవి విరిచింది.

"బరువు చాలదమ్మా. నీ పాలు సరిపోవట్లేదు. డబ్బా పాలు మొదలుపెట్టండి. నీళ్లు మాత్రం బోరింగువే వాడాలి. బావి నీళ్లు, వాగు నీళ్లు ముట్టుకోవద్దు. ఇరవై నిమిషాలు మరగబెట్టండి."

"మా ఊరి బోరింగుల ఫ్లోరైడు ఉన్నది డాక్టరమ్మా" అన్నాను.

"మరగబెడితే అన్నీ పోతాయి."

"ఫ్లోరైడు గూడ పోతదా?"

"ఏవమ్మా, నువ్వు డాక్టరువా, నేను డాక్టర్నా?"

తలుపు దగ్గర వరుసలో నిలబడ్డవాళ్లు కిసుక్కున నవ్వారు. మా ఆయన నా మోచేయి గిల్లాడు. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీని నాలుగు మడతలు పెట్టి, తీర్థప్రసాదం తీసుకున్నట్టు కళ్లకద్దుకోవడం ఒక్కటే తక్కువగా జేబులో పెట్టుకున్నాడు. మా రెండు వంశాల్లో బొద్దుగా ఉన్న మనిషి ఒక్కరూ లేరు, పిల్ల మాత్రం ఎక్కడి నుంచి బొద్దుగా వస్తుందని బస్సులో అడిగాను. "డాక్టర్ కన్న మనకెక్కువ తెలుసా?" అన్నాడు. డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నీళ్లు మరిగించే పని ఆయనే తీసుకున్నాడు. ఆ మాట చెప్పాలి. పొయ్యి ముందు కూర్చుని చేతి గడియారం చూసుకుంటూ మరిగించేవాడు. డాక్టరమ్మ ఇరవై నిమిషాలంటే ఈయన నలభై. బిడ్డ మీద అంత ప్రేమ. గంజు నిండా పోసిన నీళ్లు సగానికి వచ్చేవి. ఆ నీళ్లలో పాలపొడి కలిపి నేను పాపకు పట్టేదాన్ని. అలా తొమ్మిది రోజులు గడిచాయి.

పదో రోజు పొద్దున అత్తమ్మ పొయ్యి పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కొడుకు మంట ఎగదోస్తుంటే ఆమెకు చిరాకేసింది.

"గంతసేపు ఎందుకురా మసలబెట్టుడు?"

"నీళ్లల్ల విషం పోవాలె గదనే అమ్మా."

ఆమె గింజలు తీయడం ఆపలేదు. "చారు మసిలిన కొద్ది ఉప్పు ఎక్కుతదా, దిగుతదారా?"

నేను పొయ్యి మీది గంజు దించి నీళ్లు పారబోశాను. అడుగున తెల్లగా గార పట్టి ఉంది, గోటితో గీకితే రాలింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"సారూ, సముద్రం నీళ్లు ఎండితే ఏం మిగులుతదో మీ బడిల పిల్లలకు ఏటేటా చెప్తవు గద. ఏం మిగులుతది?"

"ఉప్పు" అన్నాడు, మొట్టికాయ తిన్న పిల్లాడిలా.

సీసా తీసుకెళ్లి పెరట్లో విసిరేశాను. పాలపొడి డబ్బాలో తర్వాత ఆవాలు పోసుకున్నాను. సీసాకు అలవాటుపడ్డ పాప నాలుగు రోజులు సరిగా పాలు తాగక ఏడ్చింది, దానితోపాటు నేనూ ఏడ్చాను. ఐదో రోజు మళ్లీ తాగింది. తల్లి పాలలోకి ఆ విషం పెద్దగా దిగదనీ, మరిగిస్తే అది తగ్గేది పోయి పెరుగుతుందనీ చాలా ఏళ్లకు నీళ్లు పరీక్ష చేయడానికి వచ్చిన ఇంజనీరు చెప్పాడు. అప్పుడు నా చేతిలో ఉన్న శాస్త్రం అత్తమ్మ చారు ఒక్కటే. డాక్టరమ్మ చెడ్డదని నేననను. ఆమె చదువుకున్న చోట నీళ్లంటే పురుగుల భయమే. మా నీళ్ల సంగతి మేము చెబుతుంటే వినకపోవడం మాత్రం ఆమె తప్పే.

పాలు సరే. పిల్ల పెరిగే కొద్దీ నీళ్లు కావాలి, జావ కావాలి. ఏ నీళ్లు మంచివో చెప్పే మిషను నా దగ్గర లేదు. ఊళ్లో పిల్లల నోళ్లున్నాయి. పాలపళ్లు ఊడి కొత్త పళ్లొచ్చిన పిల్లలను ఆపి, చేతిలో బెల్లం ముక్క పెట్టి, "ఈ అనురా" అనేదాన్ని. చారలుంటే ఏ నీళ్లు తాగుతారో అడిగి, ఆ బోరింగును మనసులో కొట్టేసేదాన్ని. పది రోజుల్లో నాకు "పండ్లు జూసే పంతులమ్మ" అని పేరొచ్చింది. మా ఆయనకు తలకొట్టేసినట్టుండేది. ఉండనీ అనుకున్నాను.

ఒకనాడు ముగ్గురు అన్నదమ్ములు దొరికారు. ముగ్గురి పళ్లూ మల్లెమొగ్గల్లా ఉన్నాయి. ఊరికి మైలు దూరంలో వాగు ఒడ్డున కూరగాయలు పండించే ముస్లిం కుటుంబం పిల్లలు. వాగు ఇసుకలో గుంత తీసి, అందులో ఊరే చెలిమె నీళ్లు తాగుతారట. పాపను చంకనేసుకుని అప్పుడే వెళ్లాను. ఆ తల్లి వంకాయలు కోస్తోంది.

"ఆపా, మీ చెలిమె నీళ్లు నా బిడ్డకు గావాలె."

"గింతదానికి అడుగుడేంది చెల్లె! బోరింగు మాకు దూరం. మా అత్తల కాలం సంది గీ నీళ్లే. ఇసుక అల్లాది, నీళ్లు అల్లాయి, తోడుకునుడే మనది. ఏం ఫికర్ జేయకు."

అప్పటి నుంచి రోజూ పొద్దున ఒక బిందె. కొబ్బరి చిప్పతో తోడి, తువ్వాలతో వడగట్టి, నెత్తిన పెట్టుకుని రావాలి. ఇంటికొచ్చాక ఒక్క పొంగు రానిచ్చేదాన్ని, పురుగులుంటే చస్తాయని. డాక్టరమ్మ మాటల్లో పనికొచ్చేది అదొక్కటి ఉంచుకున్నాను.

పాపకు తొమ్మిదో నెలలో విరేచనాలు పట్టుకున్నాయి. ఊరికి వారం వారం వచ్చే నర్సమ్మ గడపలోనే అందుకుంది. "వాగు నీళ్లు తాపొద్దని నెత్తి నోరు కొట్టుకున్న. పిల్లను సంపుకుంటవా?" అరుగుల మీది వాళ్లంతా విన్నారు. టౌనుకు తీసుకెళ్తే డాక్టరమ్మ నా మొహం కూడా చూడకుండా మా ఆయనతో, "చదువుకున్నవారు, మీరైనా చెప్పుకోవద్దూ?" అని, బోరింగు నీళ్లు అన్న మాట కింద రెండు గీతలు గీసి ఇచ్చింది. మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లతో, నా పాలతో మూడు రోజులకు పాప తేరుకుంది. నేను తేరుకోలేదు. నా మొండితనం నా బిడ్డను తినబోయిందని అనిపించింది. నాలుగో రోజు పొద్దున బిందె తీసుకుని వాగుకు పోకుండా వీధిలోని బోరింగు దగ్గరికి పోయాను. కళ్లు తుడుచుకుంటూ కొడుతున్నాను. సగం బిందె నిండింది. కర్ర టకటకలాడించుకుంటూ అత్తమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. ఆమెకు నేను కనపడను. నా కాళ్లు, బిందె, అందులో పడే నీళ్లు కనపడతాయి.

"గీ బోరింగు ఏసిన నాడు కొబ్బరికాయ నేనే కొట్టిన బిడ్డా" అంది. "ఆఫీసర్లు వచ్చిండ్రు. మంచినీళ్లు, ఇగ ఏ రోగం రాదన్నరు. గప్పుడు నా నడుము నీ లెక్కనే ఉండె."

నేను బిందె వంచేశాను. నీళ్లు ఆమె పాదాల పక్క నుంచి పారిపోయాయి.

మర్నాడు నేను లేచేసరికి సైకిలు లేదు. మా ఆయన వెనక క్యారియర్‌కు డబ్బా కట్టుకుని వాగు నుంచి వస్తున్నాడు. చావడి దగ్గర కూర్చున్నవాళ్లకు మంచి కాలక్షేపం దొరికింది. "ఏం సారూ, పాల యాపారం పెట్టినవా?" అని ఒకరు, "పెండ్లాం మాటకు గింత భయమా?" అని ఇంకొకరు. ఆయన సైకిలు ఆపాడు. ఇరవై ఏళ్లుగా నలుగురిలో మూతి విప్పని మనిషి, వాళ్ల ముందు పెదవులు రెండు వేళ్లతో ఎత్తిపట్టి, "నా పండ్లు జూడుండ్రి. నా బిడ్డకు గిట్ల రావొద్దు. గందుకు మోస్తున్న" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఇంటి గుమ్మంలో నిలబడి అదంతా చూశాను. ఆయనను చేసుకున్నందుకు నాకు గర్వంగా అనిపించిన మొదటి రోజు అదే. అంతకు ముందు ఇష్టం ఉండేది, గర్వం వేరు.

ఆరేళ్లు మోశాం. ఆయన బడి లేని రోజు ఆయన, ఉన్న రోజు నేను. వానాకాలంలో పెరట్లో నాలుగు గుంజలకు ఉతికిన చీర కట్టి, కింద బిందె పెట్టి వాన నీళ్లు పట్టేవాళ్లం. ఎండాకాలం చెలిమె లోతుకు పోతే ఆపా భర్త, మా ఆయన కలిసి ఇసుక తవ్వేవారు. చుట్టాలింటికి పోయినా పాప నీళ్లు పాపతోనే. "రాజుగారి బిడ్డ" అని ఎగతాళి చేసేవారు. అవును, మాకు రాజుగారి బిడ్డే.

పాలపళ్లు తెల్లగానే వచ్చాయి. ఊరు ఒప్పుకోలేదు. "పాలపండ్లు ఎవ్వలకైన తెల్లగనే ఉంటయి. అసలు పండ్లు రానీ, గప్పుడు మాట్లాడదాం" అన్నారు. అదీ నిజమే. మా ఆయనకూ చిన్నప్పుడు తెల్లగానే ఉండేవట. ఆరు నిండాక కింది పళ్లు రెండు ఊడాయి, కొన్నాళ్లకు పైవి రెండు. అసలు పళ్లొచ్చే దాకా నాకు మనసు మనసులో లేదు. పొద్దున లేస్తూనే పిల్ల చిగుళ్ల మీద వేలు పెట్టి చూసేదాన్ని. ముందు కింది పళ్లు తెల్లని అంచు చూపాయి. కింది పళ్లను నేను నమ్మలేదు, మా ఆయనకు చారలన్నీ పైవాటి మీదే.

తొంభైల నడుమ ఒక దసరా సెలవుల్లో పైపళ్లు రెండూ పూర్తిగా దిగాయి. వెలుతురులోకి తీసుకెళ్లి చూశాను. గడ్డం పట్టుకుని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాను. ఒక్క చార లేదు. ఒక్క మచ్చ లేదు. అరుగు మీద కూలబడి ఏడ్చాను. మా ఆయన ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు.

అత్తమ్మ అప్పటికి ఇంకా వంగిపోయింది. పిల్ల వెళ్లి ఆమె ఒళ్లో వెల్లకిలా పడుకుని నోరు తెరిచింది. ఆమె బొటనవేలితో ఆ పళ్లను ఒక్కొక్కటే తడిమింది. చీర కొంగుతో తుడిచి మళ్లీ చూసింది. కర్ర అందుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది.

పక్కింటి ముందు ఆగింది. "ఏదీ బిడ్డా, ఈ అను" అంది. పిల్ల ఇకిలించింది. ఆ ఇంటివాళ్లంతా వంగి చూశారు. తర్వాత దాని పక్కిల్లు, ఆ తర్వాత ఎదురిల్లు. ఆమె ఎవరి మొహాలూ చూడలేదు, మెడ లేస్తే కదా. పిల్ల నోరు తెరిచిన ప్రతి గడప ముందూ నిలబడింది. అంతమంది కళ్లు పడితే దిష్టి తగులుతుందని నాకు భయమేసి, పిలుచుకొద్దామని వెనకాలే వెళ్లాను. దగ్గరికి వెళ్లేసరికి నర్సమ్మ వచ్చినప్పుడల్లా దిగే ఇంటి ముందు అత్తమ్మ నిలబడి ఉంది. నేల వైపు చూస్తూ, వీధంతా వినపడేలా, "మా కోడలు డాక్టర్ మాట ఇనలే, గందుకే" అని చెబుతోంది.

నేను పిలవలేదు.