ఉల్లి, వెల్లుల్లి లేనిది

సింహాచలమ్మకు హిందీ మాట్లాడటం మంచినీళ్లు తాగినంత తేలిక. సుపేలా బజారులో ఆమె కూరలు బేరమాడుతుంటే భిలాయిలో పుట్టిన మనిషనుకుంటారు. చదవడం మాత్రం రాదు. చీపురుపల్లి దగ్గర పల్లెబడిలో దిద్దుకున్న తెలుగు అక్షరాలే ఆమె చదువంతా.

భర్త తాతబ్బాయి స్టీలు ప్లాంటులో చేరి ఆమెను సెక్టర్ 6 క్వార్టరుకు తెచ్చిన కొత్తల్లో, తెలుగువాళ్లంతా కలిసి చిన్న వెంకటేశ్వరస్వామి గుడి కట్టుకున్నారు. అప్పటినుంచీ శనివారం పులిహోర ఆమె చేతిదే. గుడి వంటగదిలో వండేటప్పుడు ముక్కూ నోరూ మూసి గుడ్డ కట్టుకునేది. స్వామి ఆరగించక ముందు రుచి చూడకూడదు, వాసనైనా పీల్చకూడదు.

చేతుల్లో పట్టు తగ్గి రోలు వదిలేశాక, పులిహోర పొడి పొట్లం కొనడం మొదలుపెట్టింది. దాని మీద హిందీ కింద తెలుగులో ‘ఉల్లి, వెల్లుల్లి లేనిది’ అని ఉండేది. కొన్న ప్రతిసారీ ఆ వరుస కింద వేలు పెట్టి చదివేది.

“నానమ్మా, ఎగ్జామ్ ఉందేటి?” అని మనవరాలు అరుణజ్యోతి ఏడిపించేది.

“దేవుడి పనే. సూసుకోవాల.”

హోలీ వెళ్లాక ఒకరోజు పొట్లం కొత్త కవరులో వచ్చింది. అదే పచ్చరంగు, అదే పులిహోర బొమ్మ. తెలుగు వరుస లేదు. వెనక్కి తిప్పి, అంచులు కూడా వెతికింది. దుకాణం జితేంద్ర మంచివాడు, ఆమె ఎండలో వస్తే ముందు స్టూలు వేసి నీళ్లిస్తాడు. తెలుగు ఏమైందని అడిగితే హిందీలో నవ్వుతూ చెప్పాడు.

“ఇక్కడ అది చదివేది మీరొక్కరే అమ్మాజీ. మాల్ వహీ హై.”

సరుకు అదేనని అతనూ అనుకున్నాడు. ఆమె నమ్మింది.

ఆ శనివారం నైవేద్యం అయింది. గుడి పెద్ద గురునాథరావు ప్రసాదం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. గుడ్డ విప్పాక ఆమెకూ వాసన తెలిసింది. వెల్లుల్లి. అరుణజ్యోతి చెత్తబుట్టలోంచి కవరు తీసింది.

“లహసున్ అని రాసుంది నానమ్మా. పెద్ద అక్షరాలే.”

ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పూజారి సంప్రోక్షణ చేశాడు. గురునాథరావే ఆమెను స్కూటరు మీద ఇంటి దగ్గర దింపాడు.

“వదినా, నీ తప్పేటీ లేదు. ఇన్నేళ్లు సేసేవు. ఇంక కూకో. మా కోడలు కనకరత్నం సేస్తాది. దానికి హిందీ సదువొచ్చు.”

“తెలీక పెట్టేను బాబూ.”

“స్వామికి తెలుసు వదినా.”

తిట్టినా బాగుండేది. బతిమాలుకోవడానికి దారి ఉండేది.

పై శనివారం అందరితోపాటు వరుసలో నిలబడింది. వంటగది తలుపు తీసి ఉంది. అన్నం కలుపుతున్న కనకరత్నం ముక్కు మీంచి గుడ్డ జారింది. సింహాచలమ్మ గడప దాకా వెళ్లి, చెయ్యెత్తి, అక్కడే ఆగిపోయింది.

ఆమెను చూసి కనకరత్నం, “పొట్లం సదివేనత్తా. బెంగెట్టుకోకు,” అంది ప్రేమగా.

“గుడ్డ జారింది తల్లీ.”

కనకరత్నం మోచేత్తో పైకి తోసుకుంది. పంచేటప్పుడు మొదటి దొన్నె ఆమెకే నిండుగా పెట్టి ఇచ్చింది. ఆ గుడిలో మరొకరి చేతి పులిహోర తినడం ఆమెకు అదే మొదలు. రుచిగానే ఉంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ మాటే కనకరత్నంతో చెప్పింది.